ఇయ్యాల ఇంటికెవరొచ్చిన్రు?

సిస్టరమ్మ పోయిందని నాకు మొజంజాహీ మార్కెట్లో తెలిసింది. బత్తాయిలు ఏరుకుంటున్నాను. ఆమె పనిచేసిన దవాఖానలో ఒకప్పుడు కాంపౌండర్‌గా ఉన్న పెద్దమనిషి నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"టీచరమ్మా, నీకెరికేనా? సిస్టరమ్మ పోయింది. మొన్న ఆదివారం. నిద్రలనే పోయిందంట" అన్నాడు.

"అట్లనా" అన్నాను.

ఆయన ఇంకాసేపు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంకేదైనా అంటానని కాబోలు. ఎండ ఎక్కువగా ఉంది, నీడన పొమ్మని చెప్పి, బత్తాయిలు సంచిలో వేసుకుని నాంపల్లి వైపు నడిచాను. ఇంటికొచ్చి ఒక పండు ఒలుచుకుని తిన్నాను. పిల్లల కాపీలు దిద్దాను. మా అమ్మ పోయినప్పుడు కూడా ఇంతే. వచ్చినవాళ్లకు కుర్చీలు వేసి, చాయ్ పెట్టించి, పోయేవాళ్లను గేటు దాకా సాగనంపాను. గట్టి మనిషి అని చెప్పుకున్నారట. గట్టిదనం కాదు అది. లోపల ఏమీ కదలలేదు, అంతే. ఇప్పుడు ఇది రాయడం కూడా ఏమైనా కదులుతుందేమో చూద్దామనే.

ఆమె పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. మా వైపు ఇండ్లల్లో ఆమెను పేరు పెట్టి పిలిచిన మనిషే లేదు. అందరికీ సిస్టరమ్మే. అబిడ్స్ సందుల్లో ఒక చిన్న దవాఖాన ఉండేది. వాళ్లు ఆమెను ఇండ్లకు పంపేవారు. సూదులివ్వడానికి కాదు, చెప్పడానికి. ఏ గోలీ ఏ పూటకు, ఏది దేనితో కలిపి మింగకూడదు, ఊపిరాడనప్పుడు బెదిరిపోకుండా ఏం చేయాలి, ఇవన్నీ రోగి ఇంట్లో రోగి మంచం మీదే కూర్చుని నేర్పడం ఆమె పని. మా అమ్మకు దమ్ము. ఉబ్బసం అని పుస్తకాల్లో రాస్తారు గాని మా ఇంట్లో దాని పేరు దమ్మే. వాన మబ్బు పడితే దమ్ము, పక్కింట్లో మిరపకాయలు వేయిస్తే దమ్ము, పెండ్లికి పోయి ఆనందం ఎక్కువైతే దమ్ము.

పొట్టి మనిషి, నల్లగా ఉండేది. మెదక్ వైపు నుంచి వచ్చింది. తెల్లచీర మోకాళ్లకు అడ్డం పడకుండా బిగించి కట్టేది. మగవాళ్ల కాన్వాసు బూట్లు తొడిగేది. వాటి లేసులు విప్పేటప్పటికి గడపలో ఎంతసేపు వంగి కూర్చునేదో, అంతసేపూ తల ఎత్తకుండానే ఇల్లంతా వాసన చూసేసేది.

"సాంబ్రాణి ఏసినవ్ అక్కా."

"శుక్రవారం గద సిస్టరమ్మా, జరంత..."

"దేవునికి దమ్ము లేదు. నీకున్నది."

మొదటిసారి వచ్చినప్పుడు చాయ్ ఇస్తే ముట్టుకోలేదు. ముందు మందులు చూపించమంది. అమ్మ మందులు ఒక చోట ఉంటే కదా చూపించడానికి. కొన్ని దేవుడి దగ్గర, కొన్ని దిండు కింద, రోజూ వేసుకునేవి పోపుల డబ్బాలో జీలకర్ర గిన్నె పక్కన. వంటకు కూర్చున్నప్పుడు చెయ్యి అక్కడికే పోతుంది కాబట్టి మరచిపోకుండా ఉంటుందని అమ్మ లెక్క. సిస్టరమ్మ ఒక గోలీ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇంగువ వాసనొస్తుంది. గోలీకి పోపు పెట్టినవా ఏంది?"

అమ్మ నవ్వింది. నాకు కోపం వచ్చింది. అమ్మను అట్లా అంటే నేను ఊరుకునేదాన్ని కాదు ఆ రోజుల్లో. కానీ ఆమె అప్పటికే లేచి, అటకమీది గాజుసీసా ఒకటి దింపించి, కడిగించి, ఎండబెట్టించి, గోలీలన్నీ అందులో పోయించే పనిలో ఉంది. ఆమెకు ఒకరి కోపం కనబడేది కాదు. కనబడినా దానికి తీరిక ఉండేది కాదు.

ఊపిరి పాఠం దీపంతో మొదలుపెట్టింది. ప్రమిద వెలిగించి స్టూలు మీద పెట్టి, "ఊదు" అంది. అమ్మ రెండు చేతులూ చెవుల దగ్గరికి పోయాయి. నోటితో దీపం ఆర్పే ఆడది ఏ ఇంట్లో ఉంటుంది? సిస్టరమ్మ కాసేపు అర్థం కానట్టు చూసి, తర్వాత తల ఊపింది.

"ఆర్పుమంటలేను అక్కా. వంచుమంటున్న. ముక్కుతోటి తీసుకో. పెదవులు సన్నం చేసి మెల్లగ ఇడువు. దీపం వంగాలె, ఆరద్దు. ఆరిందంటే నువ్వు తొందరపడ్డట్టు."

అమ్మకు ఆ మాట నచ్చింది. ఆరకుండా చూసుకోవడం ఆమెకు తెలిసిన పనే కదా. గాలి తీసుకోవడం గురించే దమ్మున్నవాళ్లు ఆరాటపడతారు. సిస్టరమ్మ మాత్రం ఎప్పుడూ విడవడం గురించే చెప్పేది. "లోపల పాతది నిండి ఉంటె కొత్తది ఏడికెల్లి దూరుతది? ముందు ఇడువు, అదే వస్తది" అనేది. అమ్మ నేర్చుకుంది. దమ్ము ఎగదన్నినప్పుడు మునుపటిలాగా ఒళ్లంతా పీక్కోకుండా, ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెదవులు సన్నం చేసి కూర్చునేది. చూడ్డానికి పక్కింటావిడకు రహస్యం చెబుతున్నట్టు ఉండేది.

దానితోపాటు ఇంకో నియమం పెట్టింది. ఏడవకూడదు. మా అమ్మకు ఏడుపు నీళ్లంత సులువు. రేడియోలో కథ విన్నా, పక్కింటి పిల్ల అత్తారింటికి పోతున్నా, నాన్న తద్దినం నాడు విస్తరి ముందు కూర్చున్నా, ఏడుపే. ఏడిస్తే ఎక్కిళ్లు, ఎక్కిళ్ల వెనకే దమ్ము. "ఏడుపు పొద్దుగాల బాగనే ఉంటది, మాపటికి దవాఖానకు తోల్కొస్తది" అని సిస్టరమ్మ తేల్చేసింది. అమ్మ మానేసింది. ఇంట్లో ఇద్దరమే. ఒకరు ఏడిస్తే ఇంకొకరికి అంటుకుంటుంది కదా, అందుకని నేనూ మానేశాను. కష్టమేమీ కాలేదు.

ఇక మా మామ సంగతి చెప్పాలి. అమ్మకు తోడబుట్టినవాడు ఆ ఒక్క అన్నే. గౌలిగూడలో ఇత్తడి సామాన్ల దుకాణం. నాన్న చిన్న వయసులోనే పోతే, మమ్మల్ని తెచ్చి స్టేషన్ వెనక ఈ రెండు గదుల్లో పెట్టి, నన్ను చదివించి టీచరును చేసినవాడు ఆయనే. వాళ్ల నాయన ఇద్దరికీ మిగిల్చింది పెద్దగా ఏమీ లేదు, దమ్ము తప్ప. దాన్ని మాత్రం అన్నాచెల్లెళ్లు తగాదా లేకుండా సమంగా పంచుకున్నారు. ఆదివారం ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చేవాడు. నల్లటోపీ తీసి మేకుకు తగిలించి, కోటు జేబులోంచి రేకు డబ్బా తీసేవాడు. అందులో ఆయన గోలీలు ఉండేవి. డాక్టరు ఆయనకిచ్చినవి కొన్ని, అత్తరు దుకాణాల వైపు ఎవరో కట్టిచ్చిన నల్లవి కొన్ని. తనకు ఏది గుణమిస్తే అది చెల్లెలికి తేవాలి. అదీ ఆయన పద్ధతి. గోలీ అమ్మ అరచేతిలో పెట్టి, నీళ్ల గ్లాసు తనే పట్టుకుని నిలబడేవాడు.

"ఏసుకో చెల్లె."

ఆమె మింగేదాకా గొంతు వైపే చూసేవాడు. "దిగిందా?" అనేవాడు. దిగిందంటే అప్పుడు కూర్చునేవాడు, అప్పుడు నవ్వేవాడు. ఆయన ప్రేమకు ఇంకో మాట తెలియదు.

మా వాళ్లలో చేతిలో పెట్టింది కాదనడం లేదు. పెద్దవాళ్లు పెట్టింది అసలే లేదు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ పండ్లతో పాటు ఏదో ఒక గోలీయో చూర్ణమో తెచ్చేవాళ్లు. అమ్మ అందరివీ వాళ్ల ముందే మింగేది. వాళ్లు సంతోషంగా పోయేవాళ్లు. ఒక ఆదివారం మామ వచ్చిపోయిన తర్వాత అమ్మ చేతులు వణకడం మొదలైంది. వాంతి అయింది. గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే రవికె మీద కనబడింది. దవాఖానకు తీసుకుపోతే డాక్టరు, ఏమేం మందులు వేసుకున్నారని అడిగాడు. "నా గోలీలే" అంది అమ్మ. అబద్ధం కాదు. అన్న పెట్టింది మందు కింద ఆమె లెక్కలోకే రాదు. డాక్టరు కాసేపు పడుకోబెట్టి, కుదుటపడ్డాక పంపేశాడు.

మర్నాడు సిస్టరమ్మ వచ్చింది. మందుల మాటే ఎత్తలేదు. గడపలో లేసులు విప్పుతూ, ఊసుపోక అడిగినట్టు అడిగింది.

"నిన్న ఇంటికెవరొచ్చిన్రు అక్కా?"

అమ్మ ముఖం వెలిగింది. "అన్నొచ్చిండు. జిలేబి తెచ్చిండు. బిడ్డకు మంచి సంబంధమున్నదని చెప్పిండు."

"చేతుల ఏం పెట్టిండు?"

"గోలీ పెట్టిండు. పసుపుది."

"అప్పటికి నీది ఏసుకున్నవా?"

"ఏసుకున్న. నువ్వు చెప్పినట్టే, తిన్నంక."

సిస్టరమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. "నీది తెల్లది. ఆయనది పసుపుది. కంపెనీ వేరు, రంగు వేరు, మందు ఒక్కటే అక్కా. రెండు పూటలది ఒక్కసారి మింగినవ్. గుండె ఉరుకక ఏం జేస్తది?"

మందు పేరు అడిగితే మనుషులు మరచిపోతారనీ, చుట్టాల పేరు మాత్రం ఎవరూ మరచిపోరనీ ఆమె తర్వాత నాతో అంది. ఆ ప్రశ్న ఆమె అన్ని ఇండ్లలోనూ అడిగేదట. మా ఇంట్లో ఆనాటి నుంచి ప్రతిసారీ మొదటి మాట అదే. ఇయ్యాల ఇంటికెవరొచ్చిన్రు?

ఇప్పుడు చిక్కు ఏమిటో మా ముగ్గురికీ తెలుసు. మామ మళ్లీ ఆదివారం వస్తాడు. మళ్లీ పెడతాడు. అమ్మ మళ్లీ మింగుతుంది. నేను మామకు చెబుతానన్నాను.

"నువ్వు స్కూలుకు పోయినంక ఇంకెవరో వస్తరు టీచరమ్మా. ఆళ్లకెవరు చెప్తరు? ఆమె నోరే చెప్పాలె."

పోనీ, దవడన పెట్టుకుని తర్వాత ఉమ్మేస్తే సరి కదా అన్నాను. సిస్టరమ్మ నా వైపు, తరగతిలో తప్పు చెప్పిన పిల్లను నేను చూసినట్టే చూసింది. "ఒకనాడు మరిచి మింగుతది. దొంగాటలు దవాయితోటి నడువయ్."

అప్పటి నుంచి మా ఇంట్లో ఒక వింత నాటకం మొదలైంది. సిస్టరమ్మ లోపలి గదిలోకి పోయి, గొంతు సవరించుకుని, మా మామలాగా అడుగులు వేస్తూ వచ్చేది. పొట్టి మనిషి, తెల్లచీర, తలమీద టోపీ ఉన్నట్టు చెయ్యి పెట్టుకోవడం. చేతిలో పిప్పర్మెంటు. "ఏసుకో చెల్లె" అనేది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వీ నవ్వీ, చివరకు చెయ్యి చాపి పిప్పర్మెంటు తీసుకుని నోట్లో వేసుకునేది.

"ఓడినవ్. మల్ల."

మళ్లీ వచ్చేది. మళ్లీ తీసుకునేది. "నోట్లకెల్లి వద్దని రాదాయె సిస్టరమ్మా, నేనేం జెయ్యాలె? చిన్నప్పటిసంది అన్న పెట్టిందే తిన్న" అంది అమ్మ ఒకనాడు, నవ్వు ఆపి.

"వద్దనేది అన్నను కాదు. గోలీని."

"పెట్టేది అన్న గద."

సిస్టరమ్మ ఇంకో పిప్పర్మెంటు తీసి అరచేతిలో పెట్టుకుంది. "దవాయి చుట్టం కాదు అక్కా, మొహమాటపడనీకి. మల్ల" అంది. అట్లా ఎన్నాళ్లు చేయించిందో. ఒకనాటికి అమ్మ చెయ్యి ముడుచుకుంది. గొంతులోంచి, చీమ చిటుక్కుమన్నంత శబ్దం. "వద్దు." సిస్టరమ్మ బ్యాగు సర్దుకుని, ఆ రోజు మాత్రం చాయ్ అడిగి తాగింది.

ఆదివారం మామ వచ్చాడు. టోపీ మేకుకు తగిలించాడు. డబ్బా తీశాడు. నేను వాకిట్లో బియ్యం చెరుగుతున్నాను గాని చేతులు ఆగిపోయాయి.

"ఏసుకో చెల్లె."

"వద్దన్నా."

ఆయనకు వినబడలేదనుకుంటాను. గ్లాసు ఇంకా ముందుకు చాపాడు.

"నాది నేను ఏసుకున్న అన్నా. నీది వద్దు."

"నా చేతులది వద్దా?"

అమ్మ చెయ్యి ముడిచే ఉంచింది.

"ఎవరు నేర్పిన్రు నీకీ మాటలు?" అన్నాడు. గొంతు పెద్దది చేయలేదు. డబ్బా మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. గ్లాసులో నీళ్లు తనే తాగి, గ్లాసు కింద పెట్టాడు. టోపీ తీసుకుని, "మంచిది చెల్లె. పెద్దదానివైనవ్" అని మెట్లు దిగి పోయాడు. నేను వెనకే పరుగెత్తితే, ఇంటికి పొమ్మని చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఇక రాలేదు.

అమ్మ ఏడవలేదు. ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పెదవులు సన్నం చేసి కూర్చుంది. దమ్ము రాలేదు.

సంగతి విని సిస్టరమ్మ, "మంచి పని చేసినవ్" అంది. అంతే. ఒక్క ఓదార్పు మాట లేదు. ఓదార్పు ఆమె బ్యాగులో ఉండే వస్తువు కాదు. ఆ రోజు నుంచి నాకు ఆమె మీద మంట మొదలైంది. అది నిజం, దాచను. అమ్మ ఆరోగ్యం మాత్రం బాగుపడింది. దవాఖానకు ఉరుకులు తగ్గాయి. వానాకాలాలు దాటుకుంటూ పోయింది. ఆదివారం సాయంత్రం వాకిట్లో స్టూలు వేసుకుని కూర్చోవడం మాత్రం మానలేదు. ఎవరొస్తారని నేను అడగలేదు.

కొన్నాళ్లకు మామకే దమ్ము ముదిరి అదే దవాఖానలో చేరాడు. బయటికొచ్చాక సిస్టరమ్మ ఆయన ఇంటికీ పోవడం మొదలుపెట్టింది. పొద్దున గౌలిగూడ, అక్కడి నుంచి మా ఇల్లు. ఆ సంగతి వరకే ఆమె చెప్పింది. అమ్మ ఆశగా చూసింది.

"ఎట్లున్నడు అన్న?"

"ఒకరింటి సంగతి ఇంకొకరింట్ల చెప్ప అక్కా. నీ సంగతి గూడ ఆడ చెప్ప."

"మంచిగున్నడా లేడా, గంతే చెప్పు."

"ఇయ్యాల ఇంటికెవరొచ్చిన్రు?" అని అడిగింది సిస్టరమ్మ, సీసాలో గోలీలు చూస్తూ.

ఆ మొండితనం నేనింకెక్కడా చూడలేదు. రాఖీ పౌర్ణమికి అమ్మ రాఖీ ఒకటి, కాగితంలో చక్కెర కట్టి ఇస్తే తీసుకుపోలేదు. "నేను దవాయి సంగతి మోస్త. మాటలు మొయ్య" అంది. మా స్కూలు ఆయమ్మతో పంపించాను. మామ తీసుకున్నాడట, మాట మాత్రం ఏమీ చెప్పి పంపలేదట.

ఒకరోజు ఆమెను గేటు దగ్గర ఆపి అడిగేశాను. "విడగొట్టింది మీరు. రెండిళ్లూ తిరిగేది మీరు. ఒక్క మాట చెప్పి కలపడానికి మీకేం పోయింది?"

ఆమె గొడుగు తెరవబోతూ ఆగింది. "కలిస్తే మల్ల గోలీ పెడ్తడు టీచరమ్మా. ఆయన మారలే. చూస్తున్న గద నేను. ఈసారి ఆమె గుండె తట్టుకోదు. నాకు ఆమె బతుకుడు గావాలె. నీకు ఆమె సంతోషం గావాలె. రెండు గావాలంటె నాతోటి కాదు" అంది. ఆమె చెప్పింది నిజమే. అందుకే నాకు మరింత మండింది.

ఇట్లా ఏండ్లు గడిచాయి. ఒక మధ్యాహ్నం, ఆమె రావలసిన రోజు కాదు, సిస్టరమ్మ వచ్చింది. బ్యాగు లేదు. బూట్లు విప్పలేదు. నేరుగా లోపలికొచ్చి, అమ్మను మంచం మీద కూర్చోబెట్టి, నాడి పట్టుకుని చూసింది. ఊపిరి తీసి విడవమంది, మళ్లీ మళ్లీ చేయించింది. సాయంత్రం వేసుకోవాల్సిన గోలీ అప్పుడే వేయించింది. అది కడుపులో దిగేదాకా పక్కనే కూర్చుంది. అప్పుడు చెప్పింది.

"చీర మార్చుకో అక్కా. మీ అన్న తానకు పోదాం."

"పిలిచిండా?"

"పిలువలే. నేనే తోల్కపోతున్న."

అమ్మ ఇంకేమీ అడగలేదు. నేనూ అడగలేదు. ఆమె తన మాట తనే దాటుతున్నదంటే ఇక మిగిలింది ఎంతో మాకు తెలిసిపోయింది. ముగ్గురం ఆటోలో గౌలిగూడ పోయాం. దుకాణం పైన ఆయన ఇల్లు. కింద బస్సుల హారన్లు, పైన మామ ఊపిరి. మెట్ల మీదికే వినబడింది ఆ ఊపిరి. దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టారు. మనిషి సగమయ్యాడు. పెదవులు నీలం. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తబోయాడు గాని ఎత్తలేకపోయాడు.

సిస్టరమ్మ వెనక నిలబడింది. "నా మాట ఆయన ఇనడు అక్కా. ఇన్నేండ్లు కొట్లాటనే. నువ్వు నేర్పు" అంది.

అమ్మ మంచం అంచున కూర్చుంది. అన్న రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుంది. "అన్నా, నన్ను చూడు. పెదవులు గిట్ల సన్నం చెయ్యి. దీపం ముందల ఉన్నదనుకో. వంచు. ఆర్పకు. మెల్లగ... మెల్లగన్నా... ఏడికి పోవాలె మనకు?" ఆయన చూశాడు. ఎన్నడూ ఎవరి మాటా విననివాడు చెల్లెలు చేసినట్టే చేశాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకే తీరుగా గాలి విడిచారు. కొంతసేపటికి ఆ శబ్దం తగ్గింది. మెడ నరాలు దిగాయి. మామ కోడలు కండ్లు తుడుచుకుని వంటింట్లోకి పోయింది.

మామ చెయ్యి విడిపించుకుని దిండు కింద తడుముకున్నాడు. డబ్బా తీశాడు. మూత తీయడానికి వేళ్లు సహకరించకపోతే గోటితో తీసుకున్నాడు. గోలీ ఒకటి తీసి చెల్లెలి అరచేతిలో పెట్టాడు. గ్లాసు పట్టుకునే శక్తి లేదు. గొంతు వైపు మాత్రం చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ సిస్టరమ్మ వైపు చూసింది. సిస్టరమ్మ కిటికీ దగ్గరికి పోయి, బస్సులను చూస్తూ నిలబడింది. ఇటు తిరగలేదు.

అమ్మ గుప్పిట మూసింది. నోటి దగ్గరికి తీసుకుపోయింది. గ్లాసు తనే అందుకుని నీళ్లు తాగింది.

"దిగిందా?" అన్నాడు.

"దిగిందన్నా."

ఆయన నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ గుప్పిట విప్పింది. గోలీ చెమటకు కరిగి అరచేతికి అంటుకుని ఉంది. సిస్టరమ్మ తన కొంగుతో అది తుడిచింది. దొంగాటల గురించి ఏమీ అనలేదు. అప్పుడు అమ్మ ఏడ్చింది. ఇన్నేండ్లదీ ఒక్కసారే ఏడ్చింది. ఆటోవాడు వెనక్కి తిరిగి చూశాడు.

"ఏడ్వకు అక్కా. దమ్మొస్తది."

"రానియ్" అంది అమ్మ. "రానియ్ సిస్టరమ్మా."

సిస్టరమ్మ ఆటోవాడిని మెల్లగా పొమ్మంది. నాంపల్లి దాకా అమ్మ మణికట్టు పట్టుకునే కూర్చుంది. దమ్ము వచ్చింది. ఇంటికి చేరి, మందు వేసి, కూర్చోబెట్టి, అది తగ్గేదాకా సిస్టరమ్మ ఉంది. అమ్మ నిద్రపోయింది. మామ తెల్లవారకముందే పోయాడని మర్నాడు కబురు వచ్చింది గాని, ఆ సాయంత్రానికి మాకు ఇంకా తెలియదు. తెలియకపోయినా తెలుసు.

నేను గడపలో కూర్చుని ఉన్నాను. సిస్టరమ్మ బయటికొచ్చి, గొడుగు కోసం అటూ ఇటూ చూసి, తేలేదని గుర్తొచ్చి నిలబడింది. నన్ను చూసింది. ఎప్పుడూ మందులను చూసేటట్టు, అంత శ్రద్ధగా.

"నిన్ను పెంచింది గూడ ఆయనే గద టీచరమ్మా."

"ఔను."

"ఏడ్వలే నువ్వు. ఆడ ఏడ్వలే, ఆటోల ఏడ్వలే."

"మా ఇంట్లో ఏడవం కదా సిస్టరమ్మా" అన్నాను.

"గది ఆమెకు చెప్పిన. దమ్ము ఆమెకు." ఆమె గొంతు తగ్గింది. "నిన్నెవరు వద్దన్నరు బిడ్డా?"

బిడ్డా అని నన్ను అంతకుముందు పిలవలేదు. అలవాటు తప్పింది అన్నాను. ఆమె మెల్లగా వంగి, ఆ బూట్లతోనే గడపలో నా పక్కన కూర్చుంది. ఏ రోగానికైనా ఏదో ఒకటి చెప్పే మనిషి. చీకటి పడేదాకా అట్లాగే కూర్చుంది. ఏమీ చెప్పలేదు.